ఎర్రరాయి దొరికితే ముందు తూచండి

వరంగల్ చౌరస్తాలోని మా నగల కొట్టుకు ఎర్రరాయి తెచ్చే ప్రతివారూ అది కెంపేనంటారు. కొత్తగూడెం వైపు గరీబ్‌పేట గుట్ట నుంచి వచ్చిన రాయైతే ముందు కెంపును పోలిన మరో ఎర్రరాయి, గార్నెట్టే అనుకుంటాను.

రాయిని కడిగి, ఆరబెట్టి, తూచండి. తరువాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయండి. సన్నని దారంతో రాయిని అడుగుకు తగలకుండా నీటిలో వేలాడదీయండి. బుడగలు అంటితే లెక్క తప్పుతుంది, కుంచెతో తుడిచేయండి. మొదటి బరువును ఇప్పుడు కనిపించే అంకెతో భాగించాలి. 8.2 గ్రాముల రాయికి 2 గ్రాములు చూపితే 4.1 వస్తుంది. 2.65 వస్తే బహుశా స్ఫటికం జాతి. 4 చుట్టుపక్కలైతే గార్నెట్ కావచ్చు, కెంపూ కావచ్చు.

అప్పుడు ఆకారం చూడండి. అరిగిపోని గార్నెట్ తరచూ పన్నెండు ముఖాలతో గుండ్రంగా ఉంటుంది. కెంపుకు ఆరు పలకలుంటాయి. థర్మాకోల్ ముక్క మీద రాయిని నీటిలో తేల్చి, బలమైన నియోడిమియం అయస్కాంతం దగ్గరకు తెస్తే ఇనుమున్న గార్నెట్ కదిలి వస్తుంది. కెంపు ఉలకదు. గీసి చూడమనే పెద్దమనుషుల మాట వినకండి, మంచి ముఖం పాడవుతుంది.

ఇక ధర. వెనక నుంచి టార్చి వేయండి. వెలుగు సాగకపోతే బరువు చూసి మురిసిపోవద్దు. సానపట్టాక నాలుగో వంతు మిగిలితే మేలే. 10 గ్రాములంటే 50 క్యారెట్లు. మీరు ధర కట్టాల్సింది అందులో నాలుగో వంతుకు, అంటే పన్నెండు క్యారెట్లకే. కెంపని తేలేలా ఉంటే అమ్మకముందే హైదరాబాద్‌లో ల్యాబ్ పరీక్ష చేయించండి.