బెంగాలీ భోజనశాలలో ఇలిష్ అడిగేటప్పుడు

లండన్‌లోనో న్యూయార్క్‌లోనో మీకు దగ్గరలో కొత్తగా బెంగాలీ భోజనశాల తెరిస్తే, అన్నీ ఒకేసారి తెప్పించుకోకండి. వాళ్ల భోజనానికి ఒక వరుస ఉంది. మొదట కాకరకాయ వేసిన శుక్తో అనే చేదు కూర, తర్వాత పప్పు, వేపుడు, ఆపైన చేప, మాంసం, చివర టమాటా చట్నీ, మిష్టి దొయ్ అనే తియ్యటి పెరుగు. ఆ చట్నీ తియ్యగా ఉంటుంది, మన పచ్చడిలా మొదటి ముద్దలో కలుపుకోకండి.

ఇలిష్ ఉంటే మాత్రం వదలకండి. మన గోదావరి పులస అదే చేప! ఆవాల ముద్దతో వండిన షొర్షె ఇలిష్ చెప్పండి. ముళ్లకు భయపడేవారు పొట్టవైపు ముక్క కావాలని, వాళ్ల మాటలో 'పేటీ' అని, ముందే అడగాలి. అందులో ముళ్లు పెద్దవి, సులువుగా తీయవచ్చు. వీపువైపు ముక్కలో సన్నముళ్లు లెక్కలేనన్ని. చెంచా పక్కన పెట్టి చేత్తోనే తినండి, ముల్లు ముందు వేళ్లకే తెలుస్తుంది.

ఆవాల ఘాటు పడని పిల్లలకు లూచీ అనే మైదా పూరీ, కొబ్బరి ముక్కలు వేసిన శనగపప్పు చాలా బాగుంటాయి.