పిల్లలతో పాత కట్టడాలు, 3వ పాఠం: చెప్పడం ఆపి అడగడం

కిందటి పాఠంలో రోజుకి ఒక్క కట్టడమే పెట్టుకోమని, గేటు తీసే వేళకే చేరమని, ఎండకి రాయి కాలేలోపు బయటపడమని చెప్పుకున్నాం. ఎక్కే చోట వయసు నిబంధన ఉందేమో ముందే చూసుకోమని కూడా అనుకున్నాం (పీసా గోపురం మీదికి 8 ఏళ్లలోపు పిల్లల్ని రానివ్వరు, అక్కడిదాకా తీసుకెళ్లాక ఆ సంగతి తెలిస్తే ఇక ఆ ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు). అవన్నీ సరిగ్గానే చేశారు, లోపలికి వచ్చారు, పిల్లకి నాలుగో ఐదో ఏళ్లు. ఇప్పుడేంటి?

మనలో చాలామందిమి వెంటనే చెప్పడం మొదలుపెడతాం. ఎవరు కట్టించారు, ఏ వంశం, ఎన్నేళ్లు పట్టింది. రెండో వాక్యానికే పిల్ల నేల మీద చీమల్ని చూస్తుంటుంది, మనం "ఇటు చూడు" అని భుజం పట్టుకుని తిప్పుతాం, అక్కడితో సరదా అయిపోయి క్లాసు మొదలవుతుంది. కాబట్టి ఈ వారం సాధన ఒక్కటే: ప్రశ్న అడగడం. అదీ, జవాబు ఎదురుగా ఉన్న రాతిలోనే దొరికే ప్రశ్న. "ఇది కట్టింది ఎవరు?" అంటే పిల్ల మీ మొహం చూస్తుంది, ఎందుకంటే జవాబు మీ దగ్గరుందని దానికి తెలుసు. "ఈ రెండు ఏనుగులూ ఒకేలా ఉన్నాయా?" అనండి, గోడ వైపు తిరుగుతుంది.

ఏనుగులని ఊరికే అనలేదు. కర్ణాటకలో హళేబీడు హొయసలేశ్వర ఆలయం గోడ కింది భాగం చూడండి, వరుస మీద వరుసగా శిల్పాలుంటాయి. అన్నిటికన్నా కింద ఏనుగులు, వాటి పైన సింహాలు, ఇంకా పైన లతలు, గుర్రపు రౌతులు. మనం నిలబడి పైనున్న దేవతామూర్తుల్ని చూస్తూ మెడ నొప్పి తెచ్చుకుంటాం కానీ, చిన్నపిల్ల కళ్లకి దగ్గరగా ఉండేవి ఆ కింది వరుసలే. అందుకే ముందు మీరు గొంతుకూర్చోండి. నిజంగానే కూర్చోండి, మోకాళ్లు నొప్పులైనా సరే. పిల్ల ఎత్తు నుంచి ఏం కనిపిస్తోందో చూశాక ప్రశ్న దానంతటదే వస్తుంది. ఒక ఏనుగు నుంచి ఇంకో ఏనుగుకి తేడా వెతకడంలోనే పావుగంట గడిచిపోతుంది, గైడ్ విసుక్కున్నా పట్టించుకోకండి.

ఇంకో మంచి ప్రశ్న: "ఇక్కడ ముందు ఏముండేది?" హంపి విఠ్ఠలాలయంలో రాతి రథం ముందు ఏనుగులుంటాయి. అందరూ ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు పిల్లని కాస్త పక్కకి తీసుకెళ్లి ఏనుగుల వెనక ఏముందో చూడమనండి. ఏనుగువి కాని కాళ్లు, తోకల ఆనవాళ్లు రాతిలో మిగిలున్నాయి. అవి గుర్రాలవి! మొదట గుర్రాలుండేవి, తర్వాత వాటి స్థానంలోకి ఏనుగులొచ్చాయి. ఇది మీరు ముందే చెప్పేస్తే రుచి పోతుంది, కాబట్టి నోరు కట్టుకోండి, పిల్ల "ఇదేంటి, తోక ఇక్కడుంది?" అనేదాకా ఆగండి. ఆగడమే ఈ పాఠంలో కష్టమైన భాగం.

లేపాక్షిలో వేలాడే స్తంభం దగ్గరైతే ప్రశ్న వెతుక్కోనక్కర్లేదు. "స్తంభం నేలకి ఆనిందా?" అంటే పిల్ల బోర్లా పడుకుని చూస్తుంది, బట్టలు మాస్తాయి, మాయనివ్వండి. రోమ్ కొలోసియంలో (పాతకాలపు పెద్ద ప్రదర్శనశాల) ప్రవేశ ద్వారాల మీద అంకెలు చెక్కారు, మన టికెట్ మీద గేటు నంబరు ఉన్నట్టే. కొన్ని ఇప్పటికీ కనిపిస్తాయి, అంకెలు నేర్చుకుంటున్న పిల్లలకి వాటిని వేటాడటం భలే ఇష్టం. ముట్టుకోవద్దని బోర్డు ఉన్నచోట మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని చూసే ఆట పెట్టండి, ముందు మీరే కట్టుకోవాలి.

కాలం సంగతి. తొమ్మిది వందల ఏళ్లంటే పిల్లకి నిన్నటితో సమానం. హళేబీడు ఆలయం 12వ శతాబ్దంలో మొదలైంది కాబట్టి సుమారు 900 ఏళ్లు. ఒక తరానికి 25 ఏళ్లు వేసుకుంటే 36 తరాలు. ఖాళీ చోట ఒక అడుగు వేయించి "ఇది అమ్మ", ఇంకో అడుగుకి "అమ్మమ్మ", ఇంకో అడుగుకి "అమ్మమ్మ వాళ్లమ్మ" అంటూ 36 అడుగులు నడిపించండి. మధ్యలో లెక్క తప్పుతుంది, ఫర్వాలేదు. చివరికి వెనక్కి తిరిగి మొదటి అడుగు ఎంత దూరంలో ఉందో చూస్తే చాలు, ఇక శతాబ్దం అనే మాటే అక్కర్లేదు.

ప్రశ్నలు మూడుకి మించనివ్వకండి. ఆకలో, బాత్రూమో అయితే ప్రశ్న అక్కడే వదిలేయండి.

ఇంటిపని: ప్రయాణం దాకా ఆగనక్కర్లేదు. దగ్గర్లో ఉన్న ఏ పాత గుడైనా, పాత వంతెనైనా చాలు. ముందు ఒక్కరే వెళ్లి, గొంతుకూర్చుని, మీ నడుము ఎత్తుకి దిగువన కనిపించినవాటి మీద మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. వాటిలో "ఎవరు", "ఎప్పుడు" అనే మాటలుంటే కొట్టేసి మళ్లీ రాయండి. 4వ పాఠంలో ఆ కాగితంతోనే పని: తాతయ్య, నాయనమ్మ కూడా వస్తే, వాళ్ల నడకకి, పిల్ల పరుగుకి ఒకే దారి ఎలా వేసుకోవాలో చూద్దాం.