తలుపు మీద కన్నేసి ఉంచండి: టీనేజ్ వాంపైర్ సినిమాల రాత్రికి ఏర్పాట్లు

పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు వాంపైర్ (రక్తం తాగే పిశాచి) అంటే చాలావరకు 2008 నాటి ‘ట్వైలైట్’ హీరోనే. అంతకు ఇరవయ్యేళ్ల ముందటి సినిమా పెడదామంటే మొదటి పది నిమిషాలు చూసి ఫోన్లలో తలదూరుస్తారు. తప్పు చాలాసార్లు సినిమాలో ఉండదు, చూపించే తీరులో ఉంటుంది. పట్టపగలు, కిటికీ పరదాలు తీసి, టీవీని కొన్న రోజు సెట్టింగుల్లోనే ఉంచి చూస్తే ఈ సినిమాలు నిజంగానే వెలవెలబోతాయి. చీకటి వాటికి సగం ప్రాణం. మిగతా సగం తలుపు. ఎవరు కొడుతున్నారు, ఎవరు తీస్తున్నారు, ఎవరు రమ్మంటున్నారు అన్నది గమనిస్తే నలభై ఏళ్లయినా ఇవి ఎందుకు పాతబడలేదో తెలుస్తుంది.

ఒక రాత్రికి రెండు సినిమాలు చాలు. ముందు ‘ఫ్రైట్ నైట్’ (1985, దర్శకుడు టామ్ హాలండ్, 106 నిమిషాలు), తర్వాత ‘ది లాస్ట్ బాయ్స్’ (1987, జోయెల్ షూమాకర్, 97 నిమిషాలు). ఈ వరస మార్చొద్దు. మొదటిది వాంపైర్ నియమాలన్నీ ఒక్కొక్కటిగా నేర్పుతుంది. రెండోది ఆ నియమాలు తెలిసిన ప్రేక్షకుడితో ఆడుకుంటుంది. తిరగేసి చూస్తే రెండో సినిమాలోని అసలు మలుపు చప్పగా అయిపోతుంది.

ఓటీటీలో వెతికేటప్పుడు సంవత్సరం తప్పకుండా చూడండి. ‘ఫ్రైట్ నైట్’కు 2011లో రీమేక్ వచ్చింది, కాలిన్ ఫారెల్ అందులో పక్కింటి వాంపైర్. ‘లాస్ట్ బాయ్స్’ పేరుతో 2008లో థియేటర్‌కు రాని సీక్వెల్ ఒకటుంది. పోస్టర్ చూసి నొక్కేస్తే అరగంట పోయాక గానీ తేడా తెలియదు.

వయసు మాటా ముందే చూసుకోవాలి. ఇవి టీనేజర్ల కథలే అయినా అమెరికాలో రెండింటికీ ఆర్ రేటింగే ఉంది. అంటే పదిహేడు నిండనివాళ్లు థియేటర్‌కు పెద్దవాళ్లతో రావాలి. ఇంట్లో పన్నెండు, పదమూడేళ్ల వాళ్లుంటే 1992 నాటి ‘బఫీ ది వాంపైర్ స్లేయర్’ సరిపోతుంది: 86 నిమిషాలు, పీజీ-13 (పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో పెద్దలు జాగ్రత్తపడాలని చెప్పే రేటింగ్). క్యాథరిన్ బిగెలో తీసిన ‘నియర్ డార్క్’ (1987) మాత్రం పిల్లలున్న రాత్రి వద్దే వద్దు. అందులో బార్ సన్నివేశం పెద్దవాళ్లకే గట్టిది. దాన్ని మరో రోజుకు దాచుకోండి. వాంపైర్ అనే మాట ఒక్కసారీ వినిపించని వాంపైర్ సినిమా అది. తూటాలకు గోడలో పడ్డ చిల్లుల్లోంచి ఎండ కడ్డీల్లా దూసుకొచ్చే కాల్పుల సన్నివేశం కోసమైనా చూడాలి.

రెండు సినిమాలకూ కలిపి 203 నిమిషాలు. రాత్రి ఏడుంబావుకు మొదలుపెడితే తొమ్మిదికి మొదటిది అయిపోతుంది. భోజనానికి ముప్ఫై అయిదు నిమిషాలు ఇచ్చి రెండోది వేస్తే పదకొండుంబావు లోపు ముగుస్తుంది. ఇంకా ముందే మొదలుపెడితే కిటికీల్లోంచి వెలుతురు వస్తుంది. ఎనిమిదిన్నర దాటితే రెండో సినిమా చివరికి సగంమంది నిద్రలో ఉంటారు.

తెర, వెలుతురు, చప్పుడు

మొదట మోషన్ స్మూతింగ్ ఆపేయాలి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెడుతుంది. పిక్చర్ సెట్టింగుల్లో మోషన్ అన్న మాట ఎక్కడున్నా తెరిచి చూడండి. ఈ సినిమాలు సెకనుకు 24 ఫ్రేములతో తీసినవి. టీవీ వాటి మధ్యలో తనే ఫ్రేములు తయారుచేసి దూర్చడంతో సినిమా కాస్తా డైలీ సీరియల్‌లా కనబడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం మేకప్‌కు. ‘ఫ్రైట్ నైట్’లో హీరో స్నేహితురాలు అమీ నోరు చెవుల దాకా సాగిపోయే చోట, ‘లాస్ట్ బాయ్స్’లో గ్రెగ్ కానమ్ చేసిన కనుబొమల ముద్దల దగ్గర రబ్బరు అంచులు తేలిపోతాయి. పిల్లలు “పాత గ్రాఫిక్స్” అని వెక్కిరించేది దీన్నే. నిజానికి అవి కంప్యూటర్ గ్రాఫిక్స్ కావు. చాలావరకు సెట్టు మీద నిజంగా ఉన్నవి, మనుషులు చేత్తో చేసినవి.

తర్వాత నలుపు. సినిమా మోడ్ గానీ ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ పెట్టి, ‘లాస్ట్ బాయ్స్’లో బైకుల ముఠా నాయకుడు డేవిడ్ నల్లకోటుతో రాత్రి నిలబడ్డ దృశ్యం దగ్గర పాజ్ చేయండి. కోటు మడతలు కనబడాలి, తెరకు పైనా కిందా ఉన్న నల్ల పట్టీలు మాత్రం బూడిద రంగుకు తిరగకూడదు. చీకటిగా ఉందని చాలామంది బ్రైట్‌నెస్ పెంచుతారు. దానివల్ల నలుపే తెల్లబారుతుంది, రాత్రి కాస్తా పొగమంచులా అయిపోతుంది. పెంచాల్సింది బ్యాక్‌లైట్‌ని. ఈ సినిమాకు కెమెరా పట్టింది మైకేల్ చాప్‌మన్, ‘టాక్సీ డ్రైవర్’, ‘రేజింగ్ బుల్’ తీసిన చేయి. ఆయన చీకట్లో కూడా చూడాల్సినవి పెట్టాడు.

నల్ల పట్టీలు చూసి జూమ్ నొక్కొద్దు. ఈ రెండూ వెడల్పు తెర సినిమాలు. 55 అంగుళాల టీవీలో పైనా కిందా దాదాపు తొమ్మిదేసి సెంటీమీటర్లు ఖాళీ వస్తుంది, రావాలి కూడా. జూమ్ చేస్తే బొమ్మ వెడల్పులో నాలుగో వంతు తెగిపోతుంది. ముఠా అంతా వరసగా నిలబడ్డప్పుడు చివరివాళ్లు కనబడకుండా పోతారు.

ట్యూబ్‌లైట్లు ఆర్పేసి టీవీ వెనక జీరో వాట్ బల్బు ఒకటి వెలిగించండి. పూర్తి చీకట్లో కళ్లు తొందరగా అలసిపోతాయి. ఎదురుగా ఫ్రిజ్ లైటో, దేవుడి గూట్లో రంగు బల్బో ఉంటే తెరలో నీడ పడుతుంది, ఆ రాత్రికి వాటినీ ఆపండి. నెట్ సెకనుకు 5 మెగాబిట్ల కన్నా తగ్గితే ఫుల్ హెచ్‌డీ నిలవదు. బొమ్మ నాణ్యత పడిపోయినప్పుడు ముందు పాడయ్యేవి చీకటి దృశ్యాలే, నలుపంతా గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. వీలైతే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

సౌండ్‌బార్‌కు నైట్ మోడ్ ఉంటే పెట్టండి. లేకపోతే మాటలకు పెంచడం, అరుపులకు తగ్గించడంతోనే రిమోట్ అరిగిపోతుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంచండి. ఎనభైల నాటి కుర్రకారు మాటలు ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకు కూడా సగం జారిపోతాయి.

భోజనం

‘లాస్ట్ బాయ్స్’ రాత్రికి ఫ్రైడ్ రైస్, నూడుల్స్ తెప్పించొద్దు. కడుపు గట్టివాళ్లయితే అవే తెప్పించండి! గుహలో డేవిడ్ అన్నం డబ్బా అందిస్తాడు, ముఠాలో కొత్తగా చేరబోయే మైకేల్ రెండు ముద్దలు తిన్నాక అది పురుగుల్లా కనబడుతుంది. తర్వాత నూడుల్స్ వానపాములైపోతాయి. విరామంలోనే ప్లేట్లు ఖాళీ అయ్యేలా చూసుకుంటే గొడవ లేదు. పులిహోర, పెరుగన్నం సురక్షితం.

గ్లాసులో ఎర్రగా ఏదైనా కావాలంటే 200 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో 40 మిల్లీలీటర్ల సుగంధి సిరప్, సగం నిమ్మచెక్క, ఒక చెంచా బీట్‌రూట్ రసం కలపండి. బీట్‌రూట్ చెంచా దాటితే మట్టివాసన కొడుతుంది. లేతరంగు సోఫా ఉంటే ఈ సరదా మానుకోవడమే మేలు.

చేతిలో ఒక కాగితం

అందరికీ తలా ఒక కాగితం, పెన్ను ఇవ్వండి. అయిదు గళ్లు గీయించండి: ఎండ, అద్దం, వెల్లుల్లి, శిలువ, పిలుపు. వాంపైర్ ఎండకు తాళలేడు, అద్దంలో కనబడడు, వెల్లుల్లికీ శిలువకూ భయపడతాడు, పిలవనిదే ఇంట్లోకి రాలేడు. ఇవే ఆ నియమాలు. ఏ నియమం ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ పనిచేయలేదో గుర్తు పెట్టుకుంటూ పోవాలి. మొదట్లో ఇది పిల్లల ఆటలా ఉంటుంది. రెండో సినిమా మధ్యకొచ్చేసరికి పెద్దవాళ్లే ఎక్కువ రాస్తుంటారు.

నడిపేవాళ్లకు కొంచెం పూర్వకథ తెలిసుంటే మంచిది. అద్దంలో నీడ పడకపోవడం, ఇంట్లోవాళ్లు రమ్మంటే తప్ప లోపలికి రాలేకపోవడం 1897 నాటి ‘డ్రాక్యులా’ నవలలో ఉన్నవే. ఎండ తగిలి చావడం మాత్రం అందులో లేదు, 1922 నాటి ‘నోస్ఫెరాటు’తో తెర మీదికి వచ్చింది. పిలుపు నియమం మనకు కొత్త కాదు. రాత్రిపూట ఎవరో పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకొద్దని మన పెద్దవాళ్లు చెప్పేవారు. తలుపుల మీద “ఓ స్త్రీ రేపు రా” అని రాసుకున్నది కూడా గుమ్మం బయటున్నది గుమ్మం బయటే ఆగాలనే. ఈ మాట సినిమాకు ముందు చెబితే పిల్లలు ఆ గడిని వదలరు.

ఇక్కడినుంచి కథలు బయటపడతాయి. నడిపేవాళ్లు మాత్రమే చదవండి.

రెండు సినిమాల్లోనూ వాంపైర్‌ని పరీక్షించే సన్నివేశం ఒకటుంది. రెండిట్లోనూ వాంపైర్ పాసవుతాడు. ‘ఫ్రైట్ నైట్’లో చార్లీకి పక్కింటి జెర్రీ మీద అనుమానం. స్నేహితులు టీవీ హారర్ షో నడిపే ముసలి నటుడు పీటర్ విన్సెంట్‌కు 500 డాలర్లిచ్చి, జెర్రీ మామూలు మనిషేనని రుజువు చేయించడానికి తీసుకొస్తారు. జెర్రీ పవిత్రజలం గటగటా తాగేస్తాడు, ఏమీ కాదు. అది కుళాయి నీళ్లు. అందరూ నవ్వుతూ లేచాక పీటర్ సిగరెట్ పెట్టె తెరుస్తాడు, మూత లోపలి అద్దంలో జెర్రీ లేడు. కాగితం మీద “అద్దం” గడిలో టిక్కు పడేది అప్పుడే. ఇంకాస్త ముందుకు వెళితే శిలువ పీటర్ చేతిలో పనిచేయదు, చార్లీ చేతిలో పనిచేస్తుంది. వస్తువుకు బలం లేదు, పట్టుకున్నవాడి నమ్మకానికి ఉంది. నమ్మకం ఉన్నది పిల్లాడికి, అది పోయినది పెద్దాయనకు.

పిలుపు గడి అంతకుముందే నిండిపోయి ఉంటుంది. పిలవనిదే వాంపైర్ ఇంట్లోకి రాలేడని తెలుసుకుని చార్లీ ఊపిరి పీల్చుకున్నాడో లేదో, అమ్మ పిలుస్తుంది. కిందికి వచ్చి చూస్తే జెర్రీ హాల్లో కూర్చుని ఉన్నాడు. కొత్తగా వచ్చిన పక్కింటాయన కదా అని అమ్మే మర్యాదగా రమ్మంది. ఆ ఇంట్లో నాన్న కనబడడు.

‘లాస్ట్ బాయ్స్’లోనూ నాన్న లేడు. విడాకులయ్యాక లూసీ ఇద్దరు కొడుకులు మైకేల్, శామ్‌లతో ఫీనిక్స్ నుంచి సముద్రపు ఒడ్డున తాతగారి ఇంటికి వస్తుంది. సినిమాలో ఊరి పేరు సాంటా కార్లా, తీసింది కాలిఫోర్నియాలోని సాంటా క్రూజ్‌లో. ఈ కథ మొదటి స్క్రిప్టులో ముఠావాళ్లు చిన్నపిల్లలు. పేరు కూడా పీటర్ పాన్ కథలో ఎప్పటికీ పెద్దవాళ్లు కాని పిల్లలది. షూమాకర్ వాళ్లను టీనేజర్లను చేశాడు. దాంతో ఎప్పటికీ పిల్లలుగా ఉండిపోవాలన్న కోరిక కాస్తా, పొద్దంతా పడుకుని రాత్రంతా బైకుల మీద తిరిగే ముఠాలో చేరాలన్న కోరిక అయింది. ఆ వయసు ఉన్న ప్రతి తరానికీ ఇది కొత్తగానే ఉంటుంది. ముఠా అసలు ముఖాలు సగం సినిమా దాటేదాకా కనబడవు. అప్పటిదాకా కెమెరాయే వాంపైర్, ఆకాశంలోంచి మనుషుల మీదికి దిగుతుంటుంది. మూడు, నాలుగు చోట్ల ఆ దిగుడు లెక్కపెట్టమనండి.

ఇందులో పరీక్ష భోజనాల బల్ల దగ్గర. లూసీ స్నేహితుడు మ్యాక్స్ మీద చిన్నకొడుకు శామ్‌కు అనుమానం. చీజ్ అని చెప్పి పచ్చి వెల్లుల్లి తురుము వేయిస్తాడు. ఒళ్లో నీళ్లు పోస్తారు. అద్దం పెడితే మ్యాక్స్ అందులో చక్కగా కనబడతాడు. ఈపాటికి కాగితాలన్నిటి మీదా మ్యాక్స్ నిర్దోషి అని పడిపోతుంది. ఎవరైనా అయిదో గడి వైపు చూస్తున్నారేమో గమనించండి, ఏమీ చెప్పకండి. చివర్లో మ్యాక్సే చెబుతాడు: వాంపైర్‌ని పిలిచి లోపలికి రానిచ్చాక ఆ పరీక్షలేవీ పనిచేయవు.

‘ట్వైలైట్’ చూసినవాళ్లు ఉంటే భోజనాల దగ్గరో మర్నాడో ఆ మాట ఎత్తండి. అందులో హీరోయిన్ బెల్లా కూడా ఫీనిక్స్ నుంచే వస్తుంది, వాషింగ్టన్ రాష్ట్రంలో ఎప్పుడూ వానపడే ఫోర్క్స్‌కు. ఎండ ఊరి నుంచి నీడ ఊరికి, అదే ప్రయాణం. ఎండ ఇక్కడ చంపదు, చర్మం మెరుస్తుంది. అయిదో గడిలో మాత్రం ఏం రాయాలో తేలదు. వాంపైర్ హీరో ఎడ్వర్డ్ ఎవరూ పిలవకుండానే ఆ అమ్మాయి గదిలోకి వచ్చి నిద్రపోతుంటే చూస్తాడు. అది ప్రేమా, గుమ్మం దాటడమా అన్నది ఇంట్లో ఆడపిల్లలనే తేల్చనివ్వండి, పెద్దవాళ్లు తీర్పు చెప్పకండి. అదే 2008లో స్వీడన్ నుంచి వచ్చిన ‘లెట్ ది రైట్ వన్ ఇన్’కు పేరే పిలుపు మీద పెట్టారు. పిలవకుండా లోపలికొచ్చిన వాంపైర్ పిల్లకు ఒళ్లంతా రక్తం కారుతుంది. ఈ నియమాన్ని అంత దగ్గరగా చూపించిన సినిమా మరొకటి దొరకడం కష్టం.

రెండో సినిమా అయిపోయాక వెంటనే లైట్లు వేయొద్దు. మ్యాక్స్ భోజనానికి వచ్చిన చోటికి వెనక్కి తిప్పండి. మైకేల్ తలుపు తీస్తాడు. మ్యాక్స్ అడుగు ముందుకు వేయడు. ఈ ఇంటికి మగదిక్కువి నువ్వు, నువ్వు పిలిస్తేనే వస్తానంటాడు. ఆ ఇల్లు తాతది, మైకేల్‌ది కానే కాదు. మొదటిసారి చూసినప్పుడు అందరికీ అది మర్యాదగానే అనిపించి ఉంటుంది. ఈసారి మైకేల్ రమ్మనే లోపు పాజ్ నొక్కి, కాగితాలు తీసుకోండి.