గడియారాన్ని కాదు, నీడను చూడండి: సీమ ఇళ్ళలో డి విటమిన్ జాగ్రత్తలు

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాలలో ఎండకు కొదవ లేదు. అయినా ఆ ఎండ ఒంటికి తగిలితేనే చర్మం డి విటమిన్‌ను తయారు చేయగలదు. ఎండ భయంతో తలుపులు మూసుకొని ఇంట్లోనే గడిపే పెద్దవారికీ, పగలంతా దుకాణంలోనో కార్యాలయంలోనో ఉండేవారికీ ఈ లోపం రావడంలో ఆశ్చర్యం లేదు. నడుము నొప్పి, తొడల్లో నీరసం, కూర్చున్నచోటు నుండి లేవడం కష్టం కావడం దీని లక్షణాలు కావచ్చు. వాటిని వయసు మీదికి నెట్టివేయకండి.

పొద్దున్నే లేత ఎండలో నిలబడితే చాలునన్న నమ్మకం మన ఇళ్ళలో బలంగా ఉంది. అయితే, సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు కిరణాలు వాతావరణంలో ఏటవాలుగా ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి కనుక, మనకు కావలసిన అతినీలలోహిత కిరణాలు (యూవీ-బి) చాలావరకు దారిలోనే ఇంకిపోతాయి. అందుకే గడియారం కంటే నీడే మంచి గుర్తు. మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడే ఎండ ఈ పనికి బాగా అక్కరకొస్తుంది. అనంతపురంలో డిసెంబరు నెలలో ఆ సమయం ఉదయం సుమారు పదిన్నర దాటాక మొదలై మధ్యాహ్నం రెండు కాకముందే ముగుస్తుంది. మే నెలలో ఉదయం తొమ్మిదింబావు ప్రాంతంలోనే మొదలవుతుంది. కాబట్టి వేసవిలో మిట్టమధ్యాహ్నం మిద్దె ఎక్కి వడదెబ్బ తెచ్చుకోవలసిన అవసరం లేదు. తొమ్మిదిన్నరకు పది నిమిషాలతో మొదలుపెట్టి, చర్మం మంట పుట్టకముందే నీడకు రండి. చలికాలంలో చేతులు, కాళ్ళు కప్పుకోకుండా ఇరవై, ముప్పై నిమిషాల చొప్పున వారానికి మూడు నాలుగు రోజులు ఎండలో ఉండవచ్చు. చామనఛాయ చర్మానికి తెల్లని చర్మం కంటే ఎక్కువ సేపు పడుతుంది. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే వెచ్చదనం తప్ప ఈ కిరణాలు దాదాపుగా అందవు.

రాగి సంగటిలో కాల్షియం పుష్కలంగా ఉంది, కానీ డి విటమిన్ లేదు. ఆ విటమిన్ లేనిదే కాల్షియం పేగుల నుండి ఒంటికి సరిగా పట్టదు. పోషకాలు అదనంగా కలిపారని తెలిపే నీలిరంగు ‘+ఎఫ్’ గుర్తున్న పాలలో లీటరుకు 200 నుండి 300 యూనిట్ల (ఐయూ) డి విటమిన్ కలుపుతారు. పెద్దవారికి రోజుకు 600 యూనిట్లు అవసరం కనుక ఒక గ్లాసు పాలతో లోటు తీరదు.

అనుమానం ఉంటే వైద్యుని సలహాతో ‘25-హైడ్రాక్సీ విటమిన్ డి’ రక్తపరీక్ష చేయించుకోండి. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములలోపు ఉంటే సాధారణంగా లోపంగా పరిగణిస్తారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది 60,000 యూనిట్ల పొడి పొట్లాల వాడకం. వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు వాడమని రాసిచ్చిన మందును రోజూ వేసుకున్నా, పాత చీటీతో నెలల తరబడి కొనసాగించినా రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మూత్రపిండాలకు హాని కలగవచ్చు. చీటీపై ‘వారానికి’ అన్న మాటను ఇంట్లో చదవగలిగిన వారితో ఒకసారి చదివించుకోండి. మీ ఊరి బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంటే ఆ సంగతి కూడా వైద్యునికి చెప్పండి, ఎందుకంటే ఫ్లోరోసిస్ వల్ల కూడా ఎముకలు, కీళ్ళు నొప్పి పుడతాయి.

తల్లిపాలలో డి విటమిన్ చాలా తక్కువ కనుక, పుట్టినప్పటి నుండి ఏడాది నిండేవరకు బిడ్డకు రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు ఇవ్వాలని పిల్లల వైద్యులు చెబుతారు. ఒక మిల్లీలీటరులో ఉండే యూనిట్లు సీసా సీసాకు మారుతాయి. సీసా మార్చినప్పుడల్లా ఎంత పోయాలో మళ్ళీ అడిగి తెలుసుకోండి.