హైదరాబాద్‌లో రోజూ స్పోర్ట్స్ కారు నడపాలంటే

పోర్షే 911 లాంటి కార్లలో ముందు దెబ్బతినేది బంపర్ అడుగు అంచే. అందుకే కొనేటప్పుడే ఫ్రంట్ యాక్సిల్ లిఫ్ట్ పెట్టించుకోండి. ముందు భాగాన్ని సుమారు 40 మిల్లీమీటర్లు లేపుతుంది. జూబ్లీహిల్స్ లోపలి వీధుల స్పీడ్ బ్రేకర్లైనా, సెల్లార్ ర్యాంపులైనా, పూర్తిగా లేచాకే ఎక్కించండి. లిఫ్ట్ లేదా? ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా, నిదానంగా పోనివ్వండి.

మాదాపూర్ ట్రాఫిక్‌లో డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునే) బండిని అంగుళం అంగుళం జరపొద్దు. క్లచ్ సగమే పట్టి జారుతూ వేడెక్కిపోతుంది. ముందు రెండు కార్లంత ఖాళీ వచ్చేదాకా బ్రేక్ మీదే ఆపి, అప్పుడు ఒకేసారి కదిలించండి.

టైర్లలో గాలి పొద్దున్నే, బండి తీయకముందే చూసుకోవాలి. చట్టప్రకారం ట్రెడ్ (టైరు గాళ్ల లోతు) 1.6 మిల్లీమీటర్లుంటే చాలు. కానీ వెడల్పు టైర్లు వాన నీళ్ల మీద తొందరగా తేలిపోతాయి, 3 దగ్గరే మార్చేయండి. రెండు వారాలు కదలకపోతే బ్యాటరీకి మెయింటెయినర్ (ఛార్జ్ పడిపోకుండా చూసే చిన్న ఛార్జర్) తగిలించి ఉంచండి.