షేర్ల పాఠాలు – 4: తెర మీది ధర, చేతికి వచ్చే ధర

డీమ్యాట్ ఖాతా (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకునే ఖాతా) తెరిచే విధానాన్ని గత పాఠంలో చూశాము. మొదటి ఆర్డర్ పెట్టే ముందు గ్రహించవలసినది ఒకటుంది: యాప్‌లో పెద్దగా కనిపించే అంకె ఆఖరుగా జరిగిన లావాదేవీ ధర మాత్రమే, అదే ధరకు మీకూ షేరు దొరుకుతుందన్న హామీ అందులో లేదు.

బాదేపల్లి మార్కెట్ యార్డులో రైతు పల్లికాయ రాశి పోస్తే ఖరీదుదారులు టెండర్లు వేస్తారు, అంటే ధర చెప్పేది కొనేవారు మాత్రమే. స్టాక్ ఎక్స్ఛేంజీలో అమ్మేవారు కూడా తమ ధర చెబుతారు. ఇద్దరి మాటా కుదిరిన చోట లావాదేవీ జరుగుతుంది. ఒకే ధర చెప్పినవారు పలువురుంటే ముందు ఆర్డర్ పెట్టినవారికే ముందు వంతు.

ఒక చిన్న కంపెనీ షేరు తెర మీద 100 రూపాయలుగా ఉన్నదనుకుందాము. అమ్మేవారి వరుసలో 100.20కి 50, 100.60కి 30, 103కి 500 షేర్లున్నాయి. కొనేవారి వరుసలో 99.80కి 200, 99.10కి 150 ఉన్నాయి. మీరు 100 షేర్లకు మార్కెట్ ఆర్డర్ (ధర చెప్పకుండా, ఆ క్షణాన దొరికిన ధరకే కొనే లేదా అమ్మే ఆర్డర్) పెడితే మొదటి 50, తరువాతి 30 అయిపోయి, మిగిలిన 20 షేర్లు 103కి వస్తాయి. మొత్తం 10,088 రూపాయలు. అంటే సగటున షేరుకు 100.88. పన్నులు, బ్రోకరేజీ దీనికి అదనం.

అదే 100.60కి లిమిట్ ఆర్డర్ (ఇంతకు మించి ఇవ్వనని ధర చెప్పి పెట్టే ఆర్డర్) పెడితే 80 షేర్లు వస్తాయి, మిగిలిన 20 వేచి ఉంటాయి. మధ్యాహ్నం 3:30కి మార్కెట్ మూసే వరకు అమ్మేవారు దొరకకపోతే ఆ భాగం రద్దవుతుంది. కావలసినన్ని దొరకకపోవడం లిమిట్ ఆర్డర్‌లోని లోపమే అయినా, కొత్తవారికి నేను దానినే సూచిస్తాను. నిఫ్టీ 50 (యాభై పెద్ద కంపెనీల సూచీ)లోని కంపెనీలలో అమ్మేవారి, కొనేవారి వరుసల మొదటి ధరల మధ్య తేడా సాధారణంగా పైసలలోనే ఉంటుంది కనుక అక్కడ ఏ ఆర్డరైనా పెద్ద నష్టం లేదు. వాట్సాప్ గ్రూపుల్లో ఊదరగొట్టే చిన్న షేర్ల దగ్గరే (వాటి జోలికి వెళ్ళకపోవడం ఇంకా మేలు) ఈ తేడా జేబుకు తగులుతుంది.

కొన్న షేర్లు మరుసటి పనిదినానికి మీ డీమ్యాట్ ఖాతాలో జమ అవుతాయి. 2023 జనవరి 27 నుండి అన్ని షేర్లకూ ఇదే పద్ధతి.

అభ్యాసం: పై వరుసలలోనే మీరు 300 షేర్లను మార్కెట్ ఆర్డర్‌తో అమ్మితే సగటు ధర ఎంత వస్తుందో లెక్కకట్టండి. సమాధానంతో అయిదవ పాఠం మొదలుపెడదాము.