పసిబిడ్డ ఉన్న ఇంట్లోకి చప్పుడు తక్కువ, ధర తక్కువ రోబో వాక్యూమ్: కొనేముందు ఏం చూడాలి

పిల్లలు పాకడం మొదలుపెట్టాక నేల మీద ఉన్నదంతా నోట్లోకే పోతుంది, రాలిన వెంట్రుక, నిన్నటి మరమరం, అగరబత్తి నుసి, ఏదైనా సరే. పనావిడ పొద్దున్నే ఊడ్చి తుడిచి వెళ్తుంది, మధ్యాహ్నానికల్లా మళ్ళీ మొదటికే. సరే, తనంతట తనే తిరుగుతూ నేల మీది దుమ్ము లాగేసే రోబో కొందాం అనుకోగానే ఇంట్లో పెద్దవాళ్ళు అడిగేది ఒకటే, "దాని గోలకి పిల్ల లేవదూ?" అని. నిజంగా అడగాల్సిన ప్రశ్న అదే, సక్షన్ (దుమ్ము లాగే బలం) ఎంత, యాప్ ఎలా ఉంది అన్నవన్నీ తర్వాత.

ముందు డెసిబెల్స్, అంటే చప్పుడు కొలత సంగతి. బాక్స్ మీద 55 అనో 60 అనో రాస్తారు, అది చాలాసార్లు క్వయట్ మోడ్‌లో కొలిచిన నంబర్, టర్బోలో పెడితే వేరే కథ. పైగా ఇది మామూలు కూడికల లెక్క కాదు, 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు చప్పుడులా వినిపిస్తుంది, కాబట్టి 58కీ 68కీ పెద్ద తేడా ఏముందిలే అనుకోకండి. మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాటలే 60 దగ్గర ఉంటాయి. ఆస్పత్రి నర్సరీలకి నిపుణులు చెప్పిన హద్దేమో సగటున 50. అంటే పడుకున్న బిడ్డ పక్కన తిప్పుకునేంత సైలెంట్ రోబో మన బడ్జెట్‌లో దొరకదు, ఆ ఆశ ఇప్పుడే వదిలేస్తే మంచిది. అయితే బెడ్‌రూమ్ తలుపేసి హాల్లో క్వయట్ మోడ్‌లో వదిలితే లోపలికి వచ్చేది చాలా తక్కువ, ఆ మాత్రం చప్పుడు ఫ్యాన్ చప్పుట్లో కలిసిపోతుంది.

అసలు పిల్లలు లేచేది మోటార్ హమ్‌కి కాదండీ. ఒకే శృతిలో వచ్చే శబ్దానికి వాళ్ళు మెల్లిగా అలవాటు పడిపోతారు. లేచేది హఠాత్తుగా వచ్చే చప్పుళ్ళకి: బీరువాకి ఢాం అని గుద్దుకోవడం, వంటింట్లో స్టీలు బిందెని తోసుకుంటూ పోవడం, కుర్చీ కాళ్ళ మధ్య ఇరుక్కుని కొట్టుకోవడం, ఆ తర్వాత ఇంగ్లీషులో గట్టిగా హెల్ప్ అడగడం. అందుకే నా లెక్కలో సైలెంట్ రోబో అంటే డెసిబెల్స్ తక్కువున్నది కాదు, దారి తెలిసి తిరిగేది.

దారి తెలియాలంటే లైడార్ ఉండాలి. రోబో నెత్తి మీద చిన్న డబ్బాలాగా తిరిగే లేజర్ ఉంటుంది చూశారా, అదే. అది గది మొత్తాన్ని కొలిచి మ్యాప్ గీసుకుని వరసగా గీతలు గీసినట్టు తిరుగుతుంది, గోడ దగ్గరికి రాగానే స్లో అవుతుంది. చవకవాటిలో ఇది ఉండదు, 2002లో ఐరోబో కంపెనీ తెచ్చిన మొదటి రూంబా రోబోల్లాగా గుద్దుకుని తిరిగి, మళ్ళీ గుద్దుకుని తిరిగి పనిచేసేవి, లేదా ఎటు తిరిగిందో చెప్పే గైరోస్కోప్ అనే సెన్సార్‌తో ఉజ్జాయింపుగా పోయేవి. అవి అదే గదిని ఎక్కువసేపు తిరుగుతాయి, అంటే చప్పుడు కూడా అంతసేపూ ఉంటుంది. లైడార్‌కి లైట్ అక్కర్లేదు కాబట్టి చీకట్లో కూడా పనిచేస్తుంది, కెమెరాతో దారి చూసుకునేవాటికి వెలుతురు కావాలి. సేల్స్ టైమ్‌లో చూస్తే లైడార్ మోడల్స్ పదిహేను ఇరవై వేల మధ్య దొరుకుతున్నాయి, ఇంకో నాలుగైదు వేలు మిగులుతాయని అది లేనిదానికి పోకండి. ఒకటే ఇబ్బంది, ఆ డబ్బా వల్ల రోబో ఎత్తు పది సెంటీమీటర్ల దాకా వస్తుంది, సోఫా కింద దివాన్ కింద అంత సందు ఉందో లేదో టేపు పెట్టి చూసుకోండి.

కెమెరా ఉన్నవి నేనైతే పసిపిల్లలున్న ఇంట్లో పెట్టను, ఊరికే భయం కాదు. టెస్టింగ్ కోసం ఇచ్చిన రూంబాలు తీసిన ఫొటోలు, బాత్రూమ్‌లో ఉన్న ఒకావిడ ఫొటోతో సహా, సోషల్ మీడియా గ్రూపుల్లోకి చేరాయని 2022లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ అనే పత్రిక బయటపెట్టింది. 2024లో అమెరికాలో కొన్ని ఎకోవాక్స్ కంపెనీ రోబోల్ని ఎవరో హ్యాక్ చేసి వాటి స్పీకర్లోంచి ఇంట్లోవాళ్ళని బూతులు తిట్టారు. బిడ్డకి పాలిచ్చే ఇంట్లో తిరిగే వస్తువు కదా, లేజర్ చాలు.

ఇక డబ్బు మిగిల్చుకునేది ఎక్కడంటే సక్షన్ దగ్గర. సక్షన్‌ని పాస్కల్స్‌లో కొలుస్తారు, 5000 పాస్కల్స్, 8000 పాస్కల్స్ అని ఊరిస్తారు, అవన్నీ మందపాటి కార్పెట్లకి. మనవి టైల్స్, మార్బుల్, గ్రానైట్, వాటి మీద దుమ్ముకీ వెంట్రుకలకీ 2500 సరిపోతుంది, ఎక్కువ సక్షన్ అంటే ఎక్కువ గోల కూడా. అలాగే రోబోలోని దుమ్ముని తనంతట తనే లాగి ఖాళీ చేసే డాక్ (రోబో వెళ్ళి నిలబడి ఛార్జ్ అయ్యే స్టాండ్) వద్దు. వినడానికి బాగుంటుంది కానీ అది లాగే ఆ పదీ పదిహేను సెకన్లు రోబో కంటే బాగా ఎక్కువ చప్పుడు చేస్తుంది, పైగా బ్యాగులు కొంటూ ఉండాలి. డబ్బా చేత్తో దులుపుకోవడానికి నిమిషం పట్టదు, కాకపోతే బిడ్డకి దూరంగా, బాల్కనీలో దులపండి.

బ్రష్ చూడండి. కాన్పు తర్వాత తల్లికి జుట్టు బాగా రాలుతుంది, పొడుగు వెంట్రుకలు కుచ్చు బ్రష్‌కి చుట్టుకుని బిగుసుకుంటే రోబో కీచుమంటుంది, రబ్బరు బ్రష్ అయితే చుట్టుకునేది తక్కువ, చప్పుడూ తక్కువే. ఫిల్టర్ దగ్గర, హెపా అంటే సన్నటి దుమ్ముని కూడా ఆపే ఫిల్టర్, 'హెపా టైప్' అని రాసుంటే అది హెపా కాదనే అనుకోండి, హెచ్13 అని గ్రేడ్ రాసుంటే నయం.

యాప్‌లో మొదటిరోజే చేయాల్సిన పని వాయిస్ సున్నాకి తగ్గించడం. ఇది ఎందుకు చెప్తున్నానంటే మన దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కదా, రాత్రి రెండింటికి కరెంటు రాగానే డాక్ మీదున్న రోబో "ఛార్జింగ్" అని గట్టిగా అనౌన్స్ చేస్తుంది, అంతే, గంటసేపు జోకొట్టి పడుకోబెట్టినదంతా వృథా. డు నాట్ డిస్టర్బ్ టైమ్, అంటే రోబో కదలకుండా ఉండాల్సిన వేళలు కూడా పెట్టేయండి, లేకపోతే కొన్ని మోడల్స్ సాయంత్రం బ్యాటరీ అయిపోయి ఆపేసిన పనిని ఛార్జ్ నిండగానే అర్ధరాత్రి మళ్ళీ మొదలుపెడతాయి. కొనేముందు ఈ రెండు సెట్టింగ్స్ ఉన్నాయా లేదా అని రివ్యూల్లో వెతకండి, స్పెసిఫికేషన్స్‌లో రాయరు.

తర్వాత మన ఇళ్ళ సంగతి. చాలా రోబోలు రెండు సెంటీమీటర్ల ఎత్తు దాకా ఎక్కుతాయి, గడప అంతకంటే ఎత్తుంటే ఆ గది దానికి లేనట్టే. మెట్ల మీంచి పడిపోకుండా కింద కంటికి కనిపించని ఇన్ఫ్రారెడ్ కిరణాలతో నేలని చూసే సెన్సార్లు ఉంటాయి, నలుపు ఆ కిరణాల్ని తినేస్తుంది కాబట్టి హాల్ చుట్టూ నల్ల గ్రానైట్ బోర్డర్ ఉంటే రోబో అదేదో గొయ్యి అనుకుని అక్కడే ఆగిపోవచ్చు, అలాంటి ఇల్లయితే రిటర్న్ ఉన్నచోటే కొనండి, 'రీప్లేస్‌మెంట్ ఓన్లీ' అంటే అదే మోడల్ మళ్ళీ వచ్చి అక్కడే ఆగుతుంది. నో గో జోన్, అంటే యాప్ మ్యాప్‌లో రోబో పోకూడని చోటు గీసి పెట్టుకునే వీలు తప్పనిసరి. పూజగదిలో నేల మీద దీపం ఉంటుంది, అటు పోనివ్వకూడదు, ముగ్గు సంగతి సరేసరి, క్షణంలో ఊడ్చేస్తుంది. చీర ఉయ్యాల కింద కూడా జోన్ పెట్టేయండి, వేలాడే చీర కొంగు బ్రష్‌లో పడితే ఉయ్యాలే లాగేస్తుంది.

బిడ్డ నేల మీద ఉన్నప్పుడు మాత్రం రోబో తిరగకూడదు, పక్కన మీరున్నా సరే. సైడ్ బ్రష్ గిరగిరా తిరుగుతుంటే పిల్లలు నేరుగా వేలు పెడతారు. బొంతేసుకుని బిడ్డతో పాటు నేల మీదే పడుకునే తల్లులకి కూడా ఇదే మాట, 2015లో దక్షిణ కొరియాలో నేల మీద నిద్రపోతున్న ఒకావిడ జుట్టుని రోబో లాగేసుకుంటే ఫైర్ వాళ్ళొచ్చి విడిపించారు. ఇంకొకటి, డైపర్ లేకుండా తిరిగే పిల్లలున్న ఇంట్లో షెడ్యూల్ పెట్టి వదిలేయకండి, నేల ఒకసారి చూసుకున్నాకే బటన్ నొక్కండి. ఎందుకో వివరంగా చెప్పను, ఆ చక్రాలు కడిగేవాళ్ళకే తెలుస్తుంది.

తడిగుడ్డతో తుడిచే మాప్ కూడా ఉంటే మంచిదే, కానీ దాని నీళ్ళ ట్యాంకులో ఫినాయిల్ పోయొద్దు. లోపలి పంపు పాడవుతుందని కంపెనీలే వద్దంటాయి, పైగా అదే నేల మీద పాకి అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు పిల్లలు. మామూలు నీళ్ళు చాలు. నీళ్ళు ఎంత వదలాలో యాప్‌లో మార్చుకునేది తీసుకోండి, లేకపోతే నేల తడితడిగా ఉండి నడక నేర్చుకునేవాళ్ళు జారిపడతారు.

బ్రాండ్ విషయంలో నేను పేరు చూసి మోసపోవద్దనే అంటాను, రూంబా తయారుచేసే ఐరోబోటే 2025 డిసెంబర్‌లో దివాలా పిటిషన్ వేసింది. కాబట్టి కార్ట్‌లో పెట్టేముందు అదే మోడల్‌కి సైడ్ బ్రష్, ఫిల్టర్, బ్యాటరీ విడిగా అమ్ముతున్నారో లేదో వెతకండి, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్‌కి ఇంటికొచ్చి తీసుకెళ్తారా లేక మీరే కొరియర్ చేయాలా అని అడగండి. చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పడుతుంది, రౌటర్లో అది ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. తొందర లేకపోతే దసరా సేల్ దాకా ఆగండి, రేట్లు బాగానే దిగుతాయి. డెలివరీ అయ్యాక పిల్ల మెలకువగా అమ్మమ్మ ఒళ్ళో ఉన్న టైమ్ చూసి అన్ని మోడ్స్‌లో ఒక్కోసారి తిప్పి, తలుపు అవతల నిలబడి వినండి, రిటర్న్ డేట్ దాటకముందే.